ఆకు వేయకముందు

మా ఊరికి రోజూ రెండుసార్లు తెల్లవారుతుంది. మొదట బస్సుతో, తరవాత సూర్యుడితో. రాత్రి మా ఊళ్ళోనే నిద్రచేసిన బస్సు అయిదింటికల్లా లైట్లు వేసుకుని ఒళ్ళు విరుచుకుంటుంది. ఊరి పక్క పారే వాగుని మేము గెడ్డ అంటాం. గెడ్డ మీంచి లేచిన మంచులో ఆ రెండు లైట్లూ పాలలో వేసిన బెల్లంముక్కల్లా మెల్లగా కరుగుతూ కనబడతాయి. డ్రైవరు ఒక్కసారి హారన్ కొడతాడు. సగం నిద్రలో ఉన్న నాకు అది హారన్‌లా వినిపించదు. నెల్లిమర్లలో మా నాన్న పనిచేసిన జూట్ మిల్లు కూతలా వినిపిస్తుంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఆ ఒక్క క్షణం నేను పుట్టింట్లోనే ఉంటాను. కళ్ళు తెరిస్తే అత్తవారిల్లు. ఇలా రోజూ టిక్కెట్టు లేకుండా పుట్టింటికి వెళ్ళి వచ్చేస్తూ ఉంటాను.

ఆ బస్సుకి మొదటి ప్రయాణికురాలు మా ఎదురింటి వదిన. వరసకి మా ఆయనకి అక్క. ఊరి చివర ఆవిడకి పది సెంట్ల కనకాంబరం మడి ఉంది. అది మామగారు పంచింది కాదు, మొగుడు రాసిచ్చింది కాదు, కోళ్ళూ మేకలూ పెంచి తను కొనుక్కున్నది. నాలుగింటికే నుదుటికి టార్చిలైటు కట్టుకుని పూలు కోస్తుంది. దూరంనుంచి చూస్తే నక్షత్రం ఒకటి కిందికి దిగి మడిలో ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. చీపురుపల్లిలో పూలు కొనేవాళ్ళు ఏడింటికల్లా బేరాలు ముగించుకుని వెళ్ళిపోతారు. మొదటి బస్సు తప్పితే ఆ పూలకి ఇక ఆ రోజు లేనట్టే.

"పేరులో కనకం ఉంది, అంబరం ఉంది. ముక్కుకి మాత్రం ఏమీ లేదు వదినా," అన్నాను ఒకసారి, ఆ పూలకి వాసన ఉండదని.

"నీకాడ మాటలున్నాయి, నాకాడ పూలున్నాయి," అంది బుట్ట నెత్తికెత్తుకుంటూ. "బస్సోడు బుట్టకి సోటిస్తాడు గానీ మాటలకివ్వడే మరదలా."

బస్సు మా ఊళ్ళో రాత్రి ఆగుతుంది కాబట్టి డ్రైవరుకీ కండక్టరుకీ రాత్రి భోజనం ఊరిది. ఇంటికో వంతు. ఈ వంతు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పరు. ఒకరింట్లో ఉలవచారు, మర్నాడు ఇంకొకరింట్లో ఎండుచేపల పులుసు. ముసలమ్మలు డ్రైవరుని అల్లుడుగారనే పిలుస్తారు. నా వంతు వచ్చిన రాత్రి అతను కొంచెం తక్కువ తింటాడని మా ఆయన కనిపెట్టాడు. నేను ఆరోగ్యం గురించి జాగ్రత్తపడే మనిషి కాబోలు అన్నాను.

భోజనం సరే, వాళ్ళ పడక సంగతే బాగుండేది కాదు. ఎండాకాలం రామమందిరం అరుగు మీద, వానాకాలం బస్సు సీట్ల మీద. స్నానానికి గెడ్డ. కిందటేడు డిపోనుంచి పంచాయతీకి కాగితం వచ్చింది. సిబ్బందికి ఒక గది, మరుగుదొడ్డి, నీళ్ళు ఉండాలి, లేకపోతే రాత్రి హాల్టు వేరే ఊరికి మారుస్తామని దాని సారాంశం. గది మాకు ఉంది. పాలకేంద్రం ఎత్తేశాక ఆ గదిలో పిల్లులు కాపురముంటున్నాయి. మిగతా రెండూ పంచాయతీ పనుల జాబితాలో చేరాలి. అది చేరాలంటే మండలంనుంచి ఉద్యోగి వచ్చి ఇల్లిల్లూ తిరిగి, ఊరికి ఏమేమి లేవో రాసుకు వెళ్ళాలి.

ఊరి కోరికలన్నీ ఒక కాగితం మీద రాసే పని నాకు పడింది. నా చేతిరాత బాగుంటుందని పేరు. తలరాత మీద నాకూ కొన్ని ఫిర్యాదులున్నాయి గానీ, అర్జీ ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక ఊరుకున్నాను. వారం రోజులు అరుగు అరుగుకీ తిరిగి రాశాను. మొదటి కోరిక బస్సువాళ్ళ గదికి నీళ్ళూ మరుగుదొడ్డీ. తరవాత గెడ్డ మీద వంతెనకి రెండు పక్కలా పిట్టగోడ. పేపరు చదువుకోవడానికి ఒక గది. మాకు పెదమామయ్య వరసయ్యే ముసలాయన, ఊరి పెద్ద, చాలాసేపు ఆలోచించి, "మన పొలాల పక్కనించి ఎల్లే రైలు ఒక్కసారి ఆగాల," అన్నాడు.

"ఎక్కడికెళ్తావు మామయ్యా?"

"నానెక్కడికీ ఎల్లనమ్మా. అరవై ఏల్లనించి మమ్మల్ని సూడకుండా ఎల్లిపోతన్నాది. ఒక్కపాలి ఆగితే సాలు."

రాశాను. ఒక అవ్వ సముద్రం రాయమంది. ఇక్కడికి రాదు అవ్వా, మనమే వెళ్ళాలి అంటే, "అదే రాయి, ఎల్లడమే రాయి," అంది. అదీ రాశాను. ఆ వారం రాత్రులు కళ్ళు మూసుకుంటే ఊరు అంతా నీటిమీద తేలుతూ, రైలు మా పొలంగట్టు మీద ఆగి, కిటికీలోంచి ఎవరో పెదమామయ్యకి చెయ్యి ఊపుతున్నట్టు ఉండేది.

ఉద్యోగి వచ్చాడు. కుర్రవాడు, చేతిలో ట్యాబు, ఎండకి కందిన మొహం. మొదటి ఇల్లు పెదమామయ్యది. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. తాగునీటికి ఇబ్బంది ఉందా అని అడిగాడు.

"నీల్లకేటి బాబూ. ముందు మజ్జిగ తాగు," అన్నాడు మామయ్య.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లో లేనిది చెప్పకూడదు. బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నా వచ్చినవాడితో నిండుకుంది అనము, నిండుగా ఉందంటాము. అది మాకు ఎవరూ నేర్పలేదు. అడగగానే నోరు దానంతట అదే "అన్నీ ఉన్నాయి" అనేస్తుంది. ఆ కుర్రవాడు ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తాగాడు. ప్రతి ఇంట్లోనూ అన్నీ ఉన్నాయి.

మా ఇంటికీ వచ్చాడు. కాగితం బల్ల మీదే ఉంది. మంచి కప్పులో కాఫీ ఇచ్చాను. కాఫీ ఇచ్చి వెంటనే కాగితం చేతిలో పెడితే హోటల్లో బిల్లు ఇచ్చినట్టు ఉంటుందనిపించింది. తాగాక ఇద్దామనుకున్నాను. తాగాక, ఇప్పుడే కదా తాగాడు అనిపించింది. ఇబ్బందులేమైనా ఉన్నాయా మేడమ్ అని అడిగితే, రోజు విడిచి రోజు వచ్చే కుళాయికి వీపు ఆనించి నిలబడి, "అబ్బే, ఏమీ లేవండీ," అన్నాను. వారం రోజులు రాసిన మనిషిని నేనే.

ఎదురింట్లో వదిన కూడా, "మాకేటి బాబూ, బస్సున్నాది," అని, ఇంటావిడకి పట్టుకెళ్ళమని మూర కనకాంబరాలు ఆకులో చుట్టి ఇచ్చింది.

పదిహేను రోజులకి పంచాయతీ గోడకి కాగితం అతికించారు. నీళ్ళు: ఉన్నవి. వీధిదీపాలు: ఉన్నవి. బస్సు సిబ్బంది గదికి పనులు: అవసరం లేదు. ఆ సాయంత్రం భోజనానికి కూర్చున్న డ్రైవరు అన్నం కలుపుతూ చెప్పాడు, వచ్చే నెలనుంచి హాల్టు మారుస్తారట అని. ఆ రోజు వంతు వదినది. ఆవిడ అతనికి ఇంకో గరిటె పులుసు వేసింది.

మర్నాడు మడి దగ్గరికి వెళ్ళాను. గట్టువైపు ఒక వరస మొక్కలు వేళ్ళతో సహా పీకి పడేసి ఉన్నాయి. పూలు ఇంకా వాడలేదు.

"ఇదేంటి వదినా?"

"సోల్లు సల్లుకుంటానే. సోల్లకి బస్సక్కర్నేదు." రాగుల్ని మేము చోళ్ళంటాం.

"మరి ఆయన అడిగినప్పుడు చెప్పలేకపోయావా?"

"నువ్వు సెప్పీసినావేటి?" అంది నా మొహంలోకి చూసి. "రాతగత్తెవి. కాయితం మీద పులివి, కాఫీ కాడ పిల్లివి."

కూర్చుని పీకిన మొక్కల పూలు కోశాను. ఆవిడ వద్దనలేదు. రెండో వరస మీద చెయ్యి వెయ్యలేదు కూడా.

మేమంతా మండలం ఆఫీసుకి వెళ్ళి అడిగాక, ఈసారి ఊళ్ళోనే సభ పెడతామని, ఆ ఉద్యోగే వస్తాడని చెప్పారు. ఊళ్ళో టముకు వేయించారు. ముందురోజు సాయంత్రం రామమందిరం అరుగు మీద అందరం చేరాము. చిక్కు అందరికీ తెలుసు. ఆయన వస్తాడు, ఎవరో ఒకరు మజ్జిగ ఇస్తారు, ఆ తరవాత మా నోళ్ళు మావి కావు.

"ఈపాలి ఎవులూ ఏటీ పెట్టకండి," అంది వదిన.

అరుగంతా గొణిగింది. "ఊరు పరువేటవ్వాల?" అన్నారెవరో.

"నా మడేటవ్వాల?" అంది వదిన.

పెదమామయ్య చుట్ట పక్కన పెట్టాడు. ఆయన ఆలోచిస్తుంటే అరుగు మీద పిల్లి కూడా కదలదు. "సుట్టమెప్పుడవుతాడు? ఆకేసినాక," అన్నాడు. "ఆకెయ్యకముందు ఆఫీసరే. ఆఫీసరుకి సెప్పుకుంటే తప్పు నేదు. కోడలమ్మ కాయితం సదివీసినాకే ఆకెయ్యండి. వంట మాత్రం తెల్లారగట్లే మొదలెట్టండి."

"మంచినీల్లో?" అంది అవ్వ.

మంచినీళ్ళ మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి కుండ, గ్లాసు అక్కడ పెట్టాలి, తనంతట తాను తాగితే ఎవరికీ పాపం లేదు అని తేలింది.

అంత కష్టమైన సభ నేను చూడలేదు. కుర్రవాడు పది గంటలకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనక గాడిపొయ్యి మీద వంకాయకూర ఉడుకుతున్న వాసన వస్తోంది. ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. పెదమామయ్య తన చేతులు తుండుగుడ్డ కింద దాచుకున్నాడు. అవ్వ రెండుసార్లు కుండవైపు లేవబోయింది. రెండుసార్లూ వదిన చీరకొంగు పట్టి కూర్చోబెట్టింది. మా ఊళ్ళో ఏమేమి లేవు అని అడిగితే ఎవరూ లేవరు. ఇవ్వడానికైతే అందరూ లేస్తారు.

నేను కాగితం తీసి చదివాను. మొదటి వాక్యం కాగానే ఆ కుండలో నీళ్ళు నేనే తాగాను. అన్నిటికంటే ముఖ్యమని బస్సువాళ్ళ గదిని చివరికి ఉంచుకుని, పిట్టగోడ చదివాను, పేపరు గది చదివాను, రైలు చదివాను. సముద్రం దగ్గర కుర్రవాడు తలెత్తి, "దీనికి ఇందులో గడి లేదండీ," అన్నాడు. అయినా ట్యాబులో కాకుండా తన అరచేతి మీద పెన్నుతో ఏదో రాసుకున్నాడు.

బస్సువాళ్ళ గది దగ్గరికి వచ్చేసరికి ఆపాడు. "ఇది కిందటిసారి అవసరం లేదన్నారు కదా మేడమ్. ఇంటింటికీ అడిగాను."

నేను నోరు తెరిచేలోగా వదిన లేచి నిలబడింది.

"బాబూ, మొన్న మా ఇంటికాడ నీకు అబద్దం సెప్పినాను. బస్సున్నాదన్నాను. అది వచ్చే నెలనించి ఉండదు. అది నేకపోతే నా పూలు మార్కెట్టుకెల్లవు. ఒక వరస పీకీసినాను కూడా. నాకు ఇంకేటీ వొద్దు. ఆ గదికి నీల్లు రావాల, ఒక దొడ్డి కట్టాల. సుట్టానివైతే ఇయ్యి సెప్పను. ఇంకా నీకు ఆకెయ్యనేదు కాబట్టి సెప్తన్నాను."

కూర్చుంది. చెవులదాకా ఎర్రబడింది, తన పూలకంటే కొంచెం ఎక్కువగానే.

కుర్రవాడు ట్యాబు ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాది శ్రీముఖలింగం దగ్గరమ్మా," అన్నాడు. "మా అమ్మా ఇంతే. సర్వేకి ఎవరొచ్చినా అన్నీ ఉన్నాయంటాది. మీ వీధి కుళాయి నేనారోజు తిప్పి చూశాను. చుక్క రాలేదు. కానీ మీరు చెప్పిందే రాయాలి. ఇప్పుడు చెప్పారు. రాస్తాను."

రాశాడు. చదివి వినిపించి, పెదమామయ్య చేత వేలిముద్ర వేయించాడు. వేలు ఇంకా తుడుచుకోకుండానే మామయ్య వెనక్కి తిరిగి, "ఆకెయ్యండి," అన్నాడు. నలుగురు ఒకేసారి పరిగెత్తారు. ఆ తరవాత ఆ పిల్లాడికి తిండి విషయంలో మేము చేసింది ఒక రకమైన కక్షసాధింపే.

గది అయింది. దొడ్డి తలుపు లోపలికి తెరుచుకోవలసింది బయటికి తెరుచుకుంటుంది. ఫ్యాను ఇంకా రాలేదు. అందుకని డ్రైవరు స్నానం గదిలో చేసి, రాత్రి మటుకు రామమందిరం అరుగు మీదే పడుకుంటాడు. డిపోవాళ్ళు వచ్చి చూసి హాల్టు ఉంచారు. పిల్లులు పంచాయతీ ఆఫీసుకి మారాయి. రైలు ఇప్పటికీ ఆగదు. మామయ్య ఇప్పటికీ గట్టు మీద నిలబడి చూస్తాడు, కానీ ఈ మధ్య చెయ్యి ఊపుతున్నాడు.

పీకిన వరస ఖాళీగానే ఉంది. ఈ వానలకి కొత్త కొమ్మలు నాటుతానంటోంది వదిన.

ఇవాళ పొద్దున్న చీపురుపల్లిలో పని ఉండి నేనూ మొదటి బస్సు ఎక్కాను. ఆవిడ పక్కన బుట్ట, బుట్ట పక్కన నేను. అద్దం బయట ఊరు మంచులో మెల్లగా జారిపోతోంది, ఎవరో కలలోంచి దాన్ని నెమ్మదిగా లాక్కుంటున్నట్టు.

"ఎలా ఉన్నావు వదినా?" అన్నాను.

"బాగున్నానే," అంది అలవాటుగా. బస్సు గెడ్డ వంతెన దాటింది. తరవాత నావైపు తిరిగింది.

"నేదులే. వారంనించి మోకాలు నొప్పెడతన్నాది."

బుట్టని నా ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ కాళ్ళు చాపుకోవడానికి చోటిచ్చాను.