రేడియోలో మా నాయన చూపించిన గరిటె

ఎనభైల్లో, నేను ఆత్మకూరు కోడలిగా వచ్చిన కొత్తలో, మా ఉదయగిరి కళల గురించి రేడియోలో కార్యక్రమం వచ్చింది. కొయ్య గరిటెలు చెక్కే మా నాయన మాట్లాడతాడని వీధివాళ్లందరినీ పిలిచాను. పెళ్లిలో మర్యాదలు చాలలేదని మా పుట్టింటి గడప తొక్కని అత్త కూడా ఓ మూల కూర్చుంది.

నాయన గొంతు వినిపించింది. "గరిటె ఇట్టా పట్టుకోవాల. ఉలి ఇట్టా తొయ్యాల. పిడి మీద ఈ చేపను చూడండి, ఎంత బాగుండాదో."

తర్వాత చెక్క గీకుతున్న చప్పుడే. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అత్త మాత్రం నవ్వలేదు. "రేపు ఉదయగిరి పోదాం పా. ఆ మనిషి చూడమంటా ఉంటే ఈడ కూర్చుంటే ఎట్టా?" అంది.

మర్నాడు నాయన ముందు పీట వేసుకుని అత్త కూర్చుంది.

"గరిటె ఇట్టా పట్టుకోవాల," అంటూ నాయన మళ్లీ మొదలుపెట్టాడు.

నా కాపురం కుదురుకుంది ఆ రోజే అనుకుంటాను.