రుక్మిణక్క వాకిట్లో ఆగిన మేళం

కింద వీధిలో ఎవరో పాత పేపర్లు తగలబెట్టి తప్పెటకు సెగ చూపిస్తున్నారు. కిటికీ మూసే ఉన్నా వెచ్చబడిన తోలు వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. తెలియనివాళ్ళకు అది ఏదో కాలుతున్న కంపు. మా కోడలు అలాగే అనుకుని గదిగదికీ వెళ్ళి స్విచ్చులన్నీ తడిమి చూసింది. నేను పొయ్యి ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాను. తోలు బిగిసిందో లేదో చూడ్డానికి కింద ఆ మనిషి వేళ్ళతో ఒక్క దెబ్బ కొట్టాడు. నా ఒళ్ళు ఝల్లుమంది. రుక్మిణక్క ఉండి ఉంటే ఈపాటికి నన్ను చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా మెట్లు దింపేసేది. ఆమె పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ బళ్ళారిలో ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు నేను కాక ఎంతమంది మిగిలారో తెలియదు. అందుకే ఆమె గురించి రాయాలనిపించింది.

మాది సిరిగేరి అనే పల్లె. డెబ్బైల చివర్లో పెళ్ళయి, బళ్ళారి బజారులో కిరాణా వ్యాపారం చేసే ఇంటికి కోడలుగా వచ్చాను. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా అత్త చెడ్డమనిషేమీ కాదు. ఆమెకు ఉన్నదల్లా ఒకటే పట్టింపు, ఆడవాళ్ళ గొంతు దుకాణంలోకి వినపడకూడదు. నేనేమో వరిమడి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్నవాళ్ళతో కబుర్లు చెప్పి పెరిగినదాన్ని. అలాంటిదాన్ని గుసగుసలతో కాపురం చెయ్యమంటే ఎలా చేస్తాను? కొన్నాళ్ళు ప్రయత్నించాను. ఆ తరువాత గుసగుసలు కూడా మానేశాను. ఊరు చూస్తే పెద్దది. సినిమా ప్రచారం మైకులు, పెళ్ళిళ్ళు, ఏ పూటకు ఆ పూట ఏదో ఒక ఊరేగింపు. అన్నీ గోడకు అవతలే. పండగ చేసుకునే ఊళ్ళో ఉంటూ ఆ పండగను చెవులతోనే చూడాల్సి రావడం ఎంత బెంగగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

రుక్మిణక్కది పక్కిల్లు. ఆమె భర్త వేరుశెనగ మండీలో కమీషన్ వ్యాపారి. పిల్లలు లేరు. నేను వచ్చేటప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఒకరోజు మిద్దె మీద వడియాలు పెడుతుంటే పిట్టగోడ అవతల నుంచి పలకరించింది.

"ఏం పిల్లా, వచ్చి ఇన్నాళ్ళాయ, నీ గొంతు ఎట్లుంటాదో నాకింకా తెలీలేదు. మా శెట్టన్నోళ్ళు మూగపిల్లను చేసుకొచ్చినారా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. అది కాస్త గట్టిగానే వచ్చింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వు బాగుండాది. సాయంత్రం తయారుగా ఉండు, గుడికి పోయొస్తాం. మీ అత్తతో నేను మాట్లాడతాలే" అంది.

గుడి అంటే ఎవరు కాదంటారు? మా అత్త కొబ్బరికాయ కూడా ఇచ్చి పంపింది. గుడికి వెళ్ళిన మాట నిజమే. దణ్ణం పెట్టుకుని కాయ కొట్టించేలోగా బజారు వైపు నుంచి బ్యాండు వినిపించింది. రుక్మిణక్క నా రెక్క పట్టుకుని బయటికి లాగింది. "తీర్థం తీసుకోలేదక్కా" అంటే, "దేవుడు యాడికీ పోడు, ఈడే ఉంటాడు. మేళం ఉండదు, నడువు" అంది.

ఏదో పెళ్ళి మెరవణిగె, అంటే ఊరేగింపు. ఎవరి పెళ్ళి అని అడిగాను. "ఎవరిదయితే మనకేం? భోజనానికి పిలుపు కావాల గానీ వినేదానికి పిలుపేంది?" అని జనంలోంచి దారి చేసుకుంటూ పోయింది. ఖాదర్ మాస్టరు బ్యాండుసెట్టు అది. ముంజేతుల దగ్గర వెలిసిపోయిన ఎర్రకోట్లు, ముందర క్లారినెట్టుతో మాస్టరు, వెనక బాకాలు, అందరికన్నా వెనక పొట్ట మీద పెద్ద డ్రమ్ము మోసే మనిషి. అందరూ చెవులు మూసుకుని ఆ డ్రమ్ముకు దూరంగా జరుగుతుంటే, ఆమె నన్ను తీసుకుపోయి సరిగ్గా దాని పక్కన నిలబెట్టింది. ఆ దెబ్బలు చెవికి కాదు, పక్కటెముకలకు తగిలాయి. "బాగుండాదక్కా" అని అరిచాను. బళ్ళారికి వచ్చాక నేను గొంతెత్తి అన్న మొదటి మాట అదే. ఎవ్వరూ తిరిగి చూడలేదు. అంత రొదలో ఒక కోడలు అరిస్తే ఎవరికి పట్టింది?

ఆమెకు సంగీతం తెలుసని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రెండు చరణాలు శ్రుతిలో పాడలేదు. కన్నడ పాటలో తెలుగు మాటలు, తెలుగు పాటలో కన్నడ మాటలు కలిపి, నడుమ తెలియని చోట "లాలా" అని పూడ్చేసేది. తాళం ఎప్పుడూ తప్పే. కానీ ఊళ్ళో ఏ వీధిలో ఏ వేడుకో ఆమెకు తెలిసినట్టు పోలీసులకు కూడా తెలిసేది కాదు. పూలమ్మే ఆవిడతో స్నేహం పెట్టుకుంది. పెద్ద దండలు ఏ ఇంటికి పోతున్నాయో తెలిస్తే చాలు, ఆ సాయంత్రం మాకు గుడి పని పడేది. కొత్తగా చేరిన బాకా మనిషి తప్పు ఊదితే ఆమెకు మహా ముద్దు. "పాపం, ఆ బుగ్గలు చూడు" అనేది. తప్పు లేకుండా వాయిస్తే ఏదో వెలితిగా ఉన్నట్టు ముఖం పెట్టేది.

వినాయక చవితి రోజుల్లో సర్కిల్ దగ్గర ఆర్కెస్ట్రా పెట్టేవారు. ఒక కన్నడ పాట, ఒక తెలుగు పాట, ఒక హిందీ పాట వంతులవారీగా పాడాలి. వంతు తప్పితే ఆ భాషవాళ్ళు ఊరుకునేవారు కాదు. ముందర కుర్చీలు మగవాళ్ళకు. ఆడవాళ్ళకు పక్కన వెదురు బొంగులు అడ్డం కట్టి చాపలు పరిచేవారు. ఒక ఏడు రుక్మిణక్క నేరుగా వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. కమిటీ యువకుడు వచ్చి ఆడవాళ్ళ జాగా ఆ పక్కన అని మర్యాదగానే చెప్పాడు.

"చూసొచ్చినానప్పా" అంది ఆమె. "ఆడ కూచుంటే డ్రమ్స్ కొట్టే ఆయన మోచెయ్యి ఒకటే కనపడతాది. ఒక మోచెయ్యి చూసేకి ఇంత దూరం వచ్చినామా మేము?"

అతను వేదిక వైపు చూశాడు, చాపల వైపు చూశాడు, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుని వెనక్కి చూశాను. రెండు వరసల వెనక మా మామ! నా కళ్ళూ ఆయన కళ్ళూ కలిశాయి. ఇక ఇంట్లో ఏమవుతుందోనని పాటలేవీ నా తలకెక్కలేదు. మరునాడు భోజనం దగ్గర ఆయన అత్తతో "రాత్రి పాటలు బాగుండె" అన్నాడు. అంతే. ఆయన అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ తరువాతి ఏడు ఆడవాళ్ళకు వేరుగా వెదురు కట్టలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. పిల్లలు పుట్టినా మా గుడి పనులు ఆగలేదు. ఒక చలికాలం, మండీలో శెనక్కాయల రాశుల మధ్య రుక్మిణక్క భర్త కుప్పకూలిపోయాడు. ఇంటికి తెచ్చేలోగానే ప్రాణం పోయింది.

చావు జరిగిన ఇంటి ముందు నుంచి మేళం పోతున్నప్పుడు వాయిద్యాలు దించేసుకుని, ఇల్లు దాటాక మళ్ళీ ఎత్తుకోవడం మా బజారులో ఉన్న పద్ధతి. ఆ ఏడు గణపతి మెరవణిగెలోనూ అలాగే చేశారు. మా సందు కమిటీకి పెద్ద మా మామే. సరే, ఏడాది తిరగలేదు కదా అనుకున్నాను. మరుసటి ఏడు కూడా ఆపారు. ఎవరిని అడిగినా "పాపం, ఆయమ్మ మనసు కష్టపడతాది" అన్నవారే. అందరూ ప్రేమతోనే అన్నారు, అందులో అబద్ధం లేదు. ఆమెను బయటికి రావద్దని కూడా ఎవరూ అనలేదు. కాకపోతే ఆమె వాకిట్లోకి వస్తే మాటలు తగ్గించేవారు, ఎదురైతే పక్కకు తప్పుకునేవారు. పూలమ్మే ఆవిడ ఆ గడప వైపు రావడం మానేసింది. ఇక వేడుకల కబురు చెప్పేదెవరు? అంత నోరున్న మనిషి మెల్లమెల్లగా ఇంట్లోకి ముడుచుకుపోయింది.

మూడో ఏడు చవితి ముందు, ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. ఉన్నట్టుండి అంది.

"మళ్ళా చవితి వస్తాంది సరోజా. నాకు బేజారుగా ఉండాది."

ఎందుకన్నాను.

"మేళం సందులోకి వస్తానే ఆగిపోతాది. ఇంక కాళ్ళ చప్పుడు ఒకటే. అంతమంది నోరెత్తకుండా నా వాకిలి ముందర నడిచిపోతాంటే తలుపెనక నిలబడి వింటా. ఆయన్ను ఎత్తుకపోయిన దినం కూడా అట్లనే నడిచినారు. ఏడాదికోసారి నాకు ఆ దినాన్నే తెచ్చి చూపిస్తాండారు."

"వాయించమని చెప్పకూడదా అక్కా?"

"ఎట్ల చెప్తానే? మొగుడు పోయినామెకు మేళం కావాల్నంట అంటారు. కావాల్నే నాకు. చెప్పేకి నోరు రాలేదు."

నా చేతిలో చాట కదల్లేదు. నాకు నోరిచ్చిన మనిషి నోరు రాలేదంటోంది. ఏడుపుకన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను, అందరూ మంచివాళ్ళే కదా.

ఆ కోపం చల్లారకముందే ఇంటికొచ్చి దుకాణం గడప దగ్గర నిలబడ్డాను. మామ తక్కెడ దగ్గర ఉన్నాడు. బేరానికి వచ్చిన మనుషులు ఉన్నారు. మామూలు గొంతుతోనే అన్నాను. "మామా, ఈసారి రుక్మిణక్క ఇంటి ముందర మేళం ఆపొద్దని చెప్పండి."

ఆయన తలెత్తలేదు. "అది ఆయమ్మకు మనమిచ్చే మర్యాద తల్లీ" అన్నాడు.

"ఆ మర్యాద కావాల్నా అని ఆమెను అడిగినారా?"

వెనక నుంచి అత్త నా పేరు గుసగుసగా పిలిచింది. మామ ఎదుటి మనిషికి బెల్లం తూచి ఇచ్చాడు. పెట్టె సర్దుకుని సిరిగేరి పొమ్మంటారనే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అదింకా భయంగా ఉండింది.

నిమజ్జనం నాడు పొద్దు వాలుతుండగా మెరవణిగె మా సందు తిరిగింది. రుక్మిణక్క ఇల్లు కనపడగానే ఖాదర్ మాస్టరు అలవాటుగా క్లారినెట్టు దించాడు. డ్రమ్ము ఆగింది. అప్పుడు మా మామ గణపతి బండి ముందు నుంచి ఒక్కడే నడిచి వెళ్ళి ఆమె మెట్ల కింద నిలబడ్డాడు.

"రుక్మిణమ్మా" అని పిలిచాడు. తలుపు కొంచెం తెరుచుకుంది. "రెండేండ్లు నిన్ను అడక్కుండానే ఆపినాం. ఏం చేయమంటావో నువ్వే చెప్పమ్మా."

సందంతా ఆమెనే చూస్తోంది. ఆమె మామను చూడలేదు. మాస్టరును చూసింది.

"మాస్టరుసాబ్, అంత దూరం నుంచి ఊదుకుంటా వచ్చినారు. ఇంకా గాలుండాదా?"

మాస్టరు నవ్వాడు. "గాలికేమమ్మా, బోలెడుండాది. ఏం వాయించల్ల చెప్పు."

"ఏదన్నా సరే. పోతా పోతా వద్దు. నిలబడి వాయించండి."

నిలబడి వాయించారు. ఆమె మెట్లు దిగలేదు. ద్వారబంధం పట్టుకుని, కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోకుండా విన్నది. ఎదురింటి ఇద్దరు ఆడవాళ్ళు ముఖం తిప్పుకుని లోపలికి పోయారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా వైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకుంది. నా జీవితంలో ఎన్నో పండగలు చూశాను. పండగ అంటే నాకు గుర్తొచ్చేది ఆ కాసేపే.

ఆ గడపలో ఆమెకు అదే చివరి చవితి. మరుసటి ఏడు ఆమె మరుదులు ఆ ఇల్లు అమ్మేశారు. ఆమె తమ్ముడు వచ్చి తనుండే పల్లె బండ్రికి తీసుకుపోయాడు. తమ్ముడు మంచివాడే, ఇల్లూ కళగానే ఉంది. బ్యాండుసెట్టు మాత్రం ఆ దరిదాపుల్లో లేదు. చవితి అయ్యాక మావారిని పోరి బస్సెక్కి చూడ్డానికి వెళ్ళాను. ఆమె బాగా చిక్కిపోయి ఉంది. నా పిల్లల సంగతి కూడా అడక్కుండా "ఈసారి మెరవణిగె ఎట్లయింది? ఏమేం వాయించినారు?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పొద్దే. వాయించు."

"నేనెట్ల వాయించేదక్కా?"

"నోరుండాది గదా."

మొదట సిగ్గేసింది. తరువాత ముక్కుతో క్లారినెట్టు మొదలుపెట్టాను. డ్రమ్ముకు పీట మీద కొట్టాను. బాకాలు తప్పు ఊదిన చోట తప్పే ఊదాను. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో తాళం వేస్తోంది, ఎప్పటిలాగే తప్పుగా. తమ్ముడి భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది. పొలం నుంచి వచ్చిన మనుషులు వాకిట్లో ఆగారు. మావారు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నారు. నేను సందు దాటించి, బజారు తిప్పి, గణపతిని నీళ్ళలో దించేదాకా ఆపలేదు.

ఆ వచ్చిన ఎండాకాలంలోనే ఆమె పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. చివరి చూపుకు నోచుకోలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నన్ను ఎవరూ ఆపరు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊళ్ళో ఎక్కడ ఆర్కెస్ట్రా ఉన్నా వెళ్తాను. పరిచయం లేని పెళ్ళిళ్ళ ముందు కూడా నిలబడతాను. కుర్చీలు వేసిన చోట ముందు వరసలోనే కూర్చుంటాను. ఎవరో ఒకరు వచ్చి నా పక్క కుర్చీ మీద చెయ్యి వేసి, "ఈడ ఎవరన్నా వస్తారా అమ్మా?" అని అడుగుతారు. ఎవరూ రారు, కూర్చోండి అని చెప్పడానికి నాకు ప్రతిసారీ కొంచెం ఆలస్యమవుతుంది.