డాబా మీద హాజరు

బజారులో బంగినపల్లి వాసన ముక్కుకు తగిలితే చాలు, నా కాళ్ళు వాటంతటవే వేగం పుంజుకుంటాయి. ఈ అలవాటు మా ఎదురింటి సుగుణమ్మ టీచరు చలవ. డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, తిరువూరులో మా వీధిలోనే ఒంటరిగా ఉండేవారు.

లాక్‌డౌన్‌లో బట్టల కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నాను. అప్పటికే నాకు షుగర్. "మూడు నెలలు బాగా నడవండి, తగ్గకపోతే ఇక ఇంజెక్షనే," అన్నారు డాక్టరు గారు. సూదంటే నాకు ప్రాణభయం. అయినా రోడ్డెక్కితే పోలీసులున్నారన్న సాకు దొరికింది కదా, తినడం, పడుకోవడం, టీవీ చూసి బెంబేలెత్తడం, ఇదే పనిగా పెట్టుకున్నాను.

ఒక ఉదయం ఎదురు డాబా మీద విజిల్ మోగింది. "శేషగిరి గారూ, పైకి రండి! రోడ్డు మీద తిరగొద్దన్నారు గానీ డాబా మీద తిరగొద్దనలేదుగా!" అన్నారు టీచరు. వారం తిరిగేసరికి వీధిలో ఏడు డాబాలు నిండాయి. ఆమె పేర్లు పిలిస్తే, మీసాలు నెరిసిన మేమంతా చెయ్యెత్తి "ప్రెజెంట్ టీచర్" అనేవాళ్ళం. ఆదివారమైనా సెలవు లేదు. "నేను వెళ్ళే చర్చే మూసేశారు, మీరింకెక్కడికి వెళ్తారు?" అనేవారు.

అంతలో మామిడి కాపు దిగింది. సరుకు కదలక, రెడ్డిగూడెంలో తోట ఉన్న మా బావమరిది రెండు బుట్టలు మా ఇంట్లో దించిపోయాడు. నేను మెట్ల మీద దొంగతనంగా పళ్ళు జుర్రుకుని, మాస్కు పైకి లాక్కుని డాబా ఎక్కేవాణ్ణి. ఒకరోజు నా పేరు దగ్గర టీచరు ఆగిపోయారు.

"మాస్కు మీద ఆ పసుపేంటండీ?"

"మా ఆవిడ పసుపు నీళ్ళలో ఉతికిందండీ, క్రిములు చస్తాయని."

"నేనా? ఎప్పుడు?" అంది వెనకనుంచి మా ఆవిడ.

ఏడు డాబాలూ గొల్లుమన్నాయి. "పండుకు నలభై రౌండ్లు. ఎన్ని తిన్నారు?" అన్నారు టీచరు. నిజం చెప్పక తప్పలేదు. ఆ పూట ఎండెక్కేదాకా తిరుగుతూనే ఉన్నాను.

గడువు ముగిసింది. పరీక్ష చేయించుకుంటే, ఇంజెక్షన్ అక్కర్లేదన్నారు. డాబా ఎక్కి ఆ మాట కేకేసి చెప్పాను. టీచరు పిట్టగోడ పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

"ఇదంతా మీ షుగరు కోసమే అనుకున్నారా? నాలుగు గోడల మధ్య పలకరించే దిక్కులేక పిచ్చెక్కిపోయేదండీ నాకు. పొద్దున్నే మీరంతా పలికితే గానీ, నేనూ ఉన్నానని తెలిసేది కాదు."

నన్ను ఉద్ధరిస్తున్నారనుకున్న మనిషికి మేము ఆసరా అయ్యామని తెలిసి, నాకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే కలిగాయి.

టీచరు ఇప్పుడు లేరు. నేను పొద్దున్నే రోడ్డు మీద నడుస్తున్నాను. దారిలో ఒంటరిగా ఉండేవాళ్ళ ఇళ్ళు మూడున్నాయి. ప్రతి గేటు దగ్గరా ఆగి "ఏమండీ, లేచారా?" అని కేకేస్తాను. బదులొచ్చేదాకా కదలను. ఒక పెద్దాయన రోజూ విసుక్కుంటాడు. గట్టిగా విసుక్కున్న రోజు నాకు మరీ సంతోషం, మనిషి హుషారుగా ఉన్నాడన్నమాట.