మా మామగారి వన్స్‌మోర్

మా మామగారు పోయిన వారం బందరులో, మా ఇంట్లోనే కన్నుమూశారు. వీధిలో అందరికీ ఆయన కోర్టు గుమాస్తాగారు. పరామర్శకు వచ్చినవాళ్లంతా శాంతమూర్తి అన్నారు. నేను తల ఊపాను గానీ, ఆ మాట నిజం కాదు. కన్నకొడుకుతో ఏళ్ల తరబడి మాట్లాడని మనిషి ఆయన.

తగవు మీసం దగ్గర వచ్చింది. మావారికి నాటకాల పిచ్చి. సన్నని గొంతు, నున్నని మొహం, ఆడవేషాలకు చక్కగా సరిపోయేవారు. మా పెళ్లయిన కొత్తల్లో రాణివేషం కోసం మీసం తీయించుకుని ఇంటికొచ్చారు. మా వైపు కొడుకు మీసం తీసేది తండ్రి పోయినప్పుడే. వసారాలో నశ్యం పీలుస్తున్న మామగారు తలెత్తి చూశారు.

"నేను బతికుండగానే తీసేశావుట్రా? అయితే నేను పోయినట్టే. పోయినవాళ్లు మాట్లాడరు" అన్నారు. అన్నంత పనీ చేశారు.

అప్పట్నుంచి ఇద్దరి మధ్యా నేనే తపాలా బంట్రోతుని. ఇద్దరూ ఉండేది ఒకే వసారాలో. "అమ్మాయ్, వానొచ్చేట్టుంది, మీ ఆయన్ని గొడుగు పట్టుకెళ్లమను." "తీసుకున్నానని నాన్నగారితో చెప్పు." నాకు ఒళ్లు మండేది. "మామయ్యగారూ, ఆయనకి చెవుడు లేదండీ" అంటే, "నాకూ లేదమ్మా" అనేవారు. అయితే కొడుకు తినందే ఆయన విస్తరి ముందు కూర్చునేవారు కాదు. ఎంత పొద్దెక్కినా సరే, ఆకలితో నకనకలాడుతూ వాకిట్లో పచార్లు చేసేవారు. "కోపం కోపమే, అన్నం అన్నమేనమ్మా" అనేవారు. ఆ మాటే నాకు ధైర్యం. ఒక్కసారి తండ్రి నోట "ఒరేయ్" అనిపించుకోవాలని మావారు లోపల్లోపల ఎంత కుమిలిపోయేవారో నాకే తెలుసు.

ఒకసారి నందివాడలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. మర్నాడు పెళ్లివారు బళ్లు కట్టించి అందరినీ గుడివాడ నాటకానికి తీసుకెళ్లారు. అందులో రాణి మావారే. జన్మలో నాటకం చూడని మామగారు, పెళ్లివారి మాట కాదనలేక వచ్చి, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

అప్పటికి మావారు నలభై దాటారు. తెల్లవారబోతుండగా ఆఖరి పద్యం. పై శ్రుతిలో గొంతు జీరబోయి, పద్యం సగంలో ఆగిపోయింది. "ముసలి రాణీ, దిగిపో!" అంటూ కుర్రకారు ఈలలు వేశారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు లేచారు మా మామగారు. పద్యం బాగుంటేనే వన్స్‌మోర్ కొడతారని ఆయనకు తెలియదు. జనం ఆ మాట అన్నప్పుడల్లా నటుడు మళ్లీ పాడటం చూసి, అది కోర్టులో ఇచ్చే వాయిదా లాంటిది కాబోలు, తప్పినవాడికి ఇంకో అవకాశం అనుకున్నారు. కోర్టు గొంతుతో "వన్స్‌మోర్!" అని కేకేశారు.

జనం గొల్లున నవ్వారు. ఆయన లెక్కచేయలేదు.

"నవ్వుతారేంటండీ? వాడు నా కొడుకు! ఒరేయ్, కంగారుపడకు. మంచినీళ్లు తాగి మళ్లీ పాడరా!"

మావారు తండ్రి వైపు చూశారు. నీళ్లు తాగారు. హార్మోనియం వాయించే ఆయనకి చెప్పి శ్రుతి దింపించి, పద్యం అందుకున్నారు. ఆ పద్యం ఎన్నిసార్లు విన్నానో, అలా మాత్రం ఎన్నడూ వినలేదు. ముగిసేసరికి ఈలలు వేసినవాళ్లే లేచి వన్స్‌మోర్‌లు కొట్టారు. ఆడవాళ్ల వైపు నుంచి నేనూ సిగ్గు విడిచి అరిచాను. నా జన్మకి అంత గెలుపు మళ్లీ చూడలేదు.

మీసం సంగతి మాత్రం మామగారు చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాతా పోట్లాడుకున్నారు, కాకపోతే ఎదురెదురుగా కూర్చుని, ఇల్లెగిరిపోయేలా. నా తపాలా ఉద్యోగం ఊడింది. ఆ కేకలు వింటూ హాయిగా వంట చేసుకునేదాన్ని. ఇప్పుడు వసారా మూగబోయింది, ఉండబట్టడం లేదు.

కళ్లు మూసుకుంటే ఆ గుడివాడ ఉదయమే కనిపిస్తోంది. రాత్రి జల్లు కురిసి, బండి దాకా ఒకటే బురద. మావారు వేషం విప్పకుండానే నడుస్తున్నారు, చెంపల మీద రంగు కరిగిపోతోంది. వెనకాలే మామగారు, తన పంచె బురదలో జీరాడుతున్నా పట్టించుకోకుండా, కొడుకు పట్టుచీర కొంగు రెండు చేతులా ఎత్తిపట్టుకుని వస్తున్నారు. ఎదురైన పాలవాళ్లకీ, వాకిళ్లు చిమ్మే ఆడవాళ్లకీ అడక్కుండానే చెబుతున్నారు, "మా అబ్బాయండీ" అని.