గాజు మీద ఆరో పేరు

మా మామ పోయారని గురువారం పొద్దున కబురొచ్చింది. గౌలిపురలో వాళ్లింటికి వెళ్లేసరికి అత్త ఆయన గోళ్ల సందుల్లోని నల్లరంగును తడిగుడ్డతో తుడుస్తోంది. అది పోవడం లేదు.

మామ సినిమాలకు టైటిళ్లు రాసేవారు. ఒక్కో పేరూ రాసే ముందు రెండుసార్లు పైకి చదువుకునేవారు. “పేరు తప్పు రాస్తే మనిషిని తప్పు పిలిచినట్టే బిడ్డా,” అనేవారు. నాకు కూడుపెట్టిన ఈ విద్య ఆయన నేర్పిందే.

ఒక హత్యల సినిమాకు గాజుపలక మీద నల్లరంగు పూసి, వెనక దీపం పెట్టి, బ్లేడుతో అక్షరాలు గీకారు. గీకినకొద్దీ కెమెరాలో ఒక్కో ఫ్రేమూ తీశారు. తెరమీద కనిపించని కత్తేదో చీకటిని కోస్తున్నట్టు ఉండేది.

ఆ సినిమాలోనే ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా బావ, విలన్‌కు బదులు మిద్దెల మీద పరిగెత్తాడు. చివరిరోజు తాడు తెగి, పడి చనిపోయాడు. నెల తిరక్కుండానే మామ ఆ టైటిళ్లకు కూర్చున్నారు. ఇచ్చిన జాబితాలో ఫైటర్ల పేర్లు ఐదే ఉన్నాయి. ఐదూ అయ్యాక కూడా ఆయన బ్లేడు ఆగలేదు. కెమెరామన్ పక్కన సాయంగా ఉన్న నావైపు చూశాడు. తియ్యమని తలూపాను. ఆరో పేరు గీతగీతగా రీలుకెక్కింది.

నిర్మాత మండిపడ్డాడు. “సినిమా మొదట్లనే చచ్చినోని పేరేంది? అపశకునం కాదా?”

“మీ సినిమాల దునికినప్పుడు బతికే ఉండె గద సార్,” అన్నారు మామ. “తీసేస్తే తీసెయ్యుండ్రి. మల్ల మాత్రం నేను రాయ.”

విడుదల దగ్గరపడింది. పేరు ఉండిపోయింది.

సినిమా విడుదలయ్యాక మామా అత్తా రోజూ మ్యాట్నీకి వెళ్లేవారు. పేరు చూసి, కథ మొదలయ్యేలోపే లేచి వచ్చేవారు. అంతకుమించి చూసే ధైర్యం వాళ్లకు లేదు.

కొన్ని వారాలకు సినిమా చాంద్రాయణగుట్ట వైపు ఒక చిన్న హాలుకు మారింది. ఆరోజు నేనూ వెళ్లాను. అరిగిన రీలు మొదలును ఎవరో కత్తిరించేశారు. పేర్లే లేకుండా కథ మొదలైపోయింది.

“వాని పేరు రాలేదేంది?” అంది అత్త.

మామ లేవబోయారు. ఆమె చెయ్యి పట్టి ఆపింది. “కూసోండ్రి. మనిషన్న కనవడ్తడేమో చూద్దాం.”

చాలాసేపటికి కనబడ్డాడు. తెల్లచొక్కా, వీపు మాత్రమే. మిద్దె మీంచి మిద్దె మీదికి దూకుతూ పోతున్నాడు.

“గదే, గదే వాని ఉరుకుడు,” అంది అత్త.

మామ ముందు సీటు పట్టుకుని లేచి నిలబడ్డారు. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. ఆయనకు వినబడలేదు.

“ఆగు కొడుకా,” అన్నారు తెర వైపు చూస్తూ. “ఇగ సాలు, ఆగు.”

తెల్లచొక్కా పిట్టగోడ దాటి మాయమైంది. మామ నిలబడే ఉన్నారు.