పండిందనుకున్న గడ్డ

పత్తి కట్టె కొట్టేసిన చేలో పరిగెత్తొద్దని ఎందరు చెప్పినా వినే వయసు కాదు నాది. కాలు తట్టుకుని బోర్లా పడ్డాను. ఏటవాలుగా తెగిన మోడొకటి తొడలోకి దిగింది. మా నాయనమ్మ గడ్డిచామంతి పసరు పిండి, పాత చీర పేలికతో బిగించి కట్టింది. రక్తం ఆగింది. వీధిలో ఎవరికి ఏం తెగినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు కనక మా ఇంట్లో ఎవరికీ దిగులు లేదు.

పైన గాయం మానింది గానీ తొడ వాచింది. దెబ్బ తర్వాత వాపంటే మాకు చీముగడ్డే, గడ్డంటే పండాలి. నాయనమ్మ రోజూ ఉల్లిపాయ కాల్చి వేడివేడిగా కట్టేది. ఒకరోజు దానిమీద చెయ్యి వేసి చూసింది. మొహం విప్పారింది.

"కొట్టుకుంటోందే తల్లీ! పండిందిలే. ఇంక కోయిస్తే సరి."

కోయించడానికే ఆవిడా, నాన్నా నన్ను గుంటూరు బస్సెక్కించారు. బ్రాడీపేటలో డాక్టరుగారు వాపు మీద చెయ్యి పెట్టి, తర్వాత స్టెతస్కోపు పెట్టారు. గడ్డకి స్టెతస్కోపేమిటా అని నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఇది గడ్డ కాదండీ. లోపల రక్తనాళం చిట్లి, కారిన రక్తం సంచిలా కట్టింది. కొట్టుకునేది అదే. కత్తి పెట్టి ఉంటే పిల్ల దక్కేది కాదు."

నాన్న అక్కడే, అందరి ముందూ, కన్నతల్లి మీద విరుచుకుపడ్డాడు. "నీ వైద్యంతో నా బిడ్డని చంపేదానివి గదా!"

డాక్టరుగారు పంపితే వెళ్లిన హైదరాబాదు ఆసుపత్రిలో నా తొడ కోయనే లేదు. గజ్జల్లో చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, చిట్లిన చోట తీగచుట్టలు పెట్టి మూసేశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పిల్లలకి ఇలా చేయడం అరుదట. నేను నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

నాయనమ్మ మాత్రం ఆ తర్వాత ఎవరి గాయమూ ముట్టుకోలేదు. వచ్చినవాళ్లని వాకిట్లోంచే పంపేసేది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పొరపాటు పడింది, నిజమే. కానీ కోయించమని ఆవిడ అనబట్టే గదా నేను డాక్టరు దగ్గరికి చేరింది! ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

కొన్నేళ్లకి నాన్న కొడవలితో అరచెయ్యి కోసుకున్నాడు. బండి గుమ్మంలోనే ఉంది, ఆసుపత్రికి పోవచ్చు. పోకుండా, మంచం మీదున్న తల్లి ముందు చతికిలబడి చెయ్యి చాపాడు.

"కట్టు కట్టమ్మా."

క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు. అంతవరకే చేతనయింది.

నాయనమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నా చేత్తో వద్దు నాయనా. ఆసుపత్రికి పో."