పెద్దమ్మ ఎవరిని కొట్టింది

మధ్యాహ్నం పూట బండలు పేలే చప్పుడు వినని రోజు నా చిన్నప్పుడు లేదనే చెప్పాలి. చంద్రబండ దగ్గరి మా ఊళ్లో వానలు లేక చేను ఎండిపోతే, మా నాన్న, పెదనాన్న మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని మాన్వి వైపు కాలువ పనికి వచ్చారు. కాలువ తవ్వే దారిలో మన్ను తక్కువ, బండ ఎక్కువ. బండకు రంధ్రాలు తొలిచి, మందు కూరి, కూలీలంతా దూరంగా వెళ్లాక పేల్చేవారు. మా గుడిసెలు అక్కడికి ఎడంగానే ఉన్నా, ప్రతి పేలుడుకూ కుండల మీది మూతలు అదిరేవి.

మా పెదనాన్నది ఆ మందు కూరే పని. ఒకరోజు ఒక రంధ్రంలో మందు పేలలేదు. వెళ్లి చూడమని మేస్త్రి ఇంకొకరికి చెబితే ఆ మనిషి వెనకాడాడు. "నేను పోత తియ్యి," అని పెదనాన్న లేచాడట. ఆయన వంగి చూస్తుండగా అది పేలింది. అన్నం మూట పట్టుకుని వస్తున్న మా పెద్దమ్మ గట్టు మీద నుంచి అంతా కళ్లారా చూసింది. ఆయన్ని దుప్పట్లో మూటగట్టి తెచ్చారు. ముఖం ఎవరికీ చూపించలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. పిల్లలు లేని మనిషి, మాతోనే ఉండిపోయింది. జొన్నరొట్టె తుంచి పాలలో నానబెట్టి నాకు తినిపించేది. పెదనాన్న మాట వస్తే చాలు, దేవుడి లాంటి మనిషని అందరూ అనేవారు. ఆమె మాత్రం అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేది. మధ్యాహ్నం పేలుడు వినబడగానే మాత్రం ఆమె వేరే మనిషైపోయేది. చేతికి ఏది అందితే దాంతో, ఎదుట ఏది ఉంటే దాన్ని కొట్టేది. ఒకసారి మేకపిల్లను కాలు విరిగేదాకా కట్టెతో బాదింది. ఇంకోసారి నీళ్ల కుండను ఎత్తి గోడకు విసిరింది. కాసేపటికి తేరుకుని, కూచుని పెంకులు ఏరుకునేది. దయ్యం పట్టిందని కొందరన్నారు. మా అమ్మ ఆ వేళకు నన్ను బయటికి పంపేసేది.

ఆ రోజు మాత్రం రోజూ కంటే ముందే పేల్చారు. నేను పెద్దమ్మ ముందు కూచుని జడ వేయించుకుంటున్నాను. జుట్టు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే నా తలను గుడిసె గుంజకేసి కొట్టాయి. ఒకసారి కాదు. కనుబొమ పగిలి నెత్తురు కంట్లోకి కారింది. అమ్మ పరుగున వచ్చి, ఆ వేళ్లు విడదీయలేక, పెద్దమ్మ చేతిని కొరికి నన్ను లాక్కుంది.

పని నుంచి వచ్చిన నాన్న నా ముఖం చూసి కట్టె అందుకున్నాడు. వదిన అని కూడా చూడకుండా ఆమె వీపు మీద కొట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఇగ ఈమె మన ఇంట్ల వద్దు. రేపే దేవదుర్గ బస్సెక్కించి వాళ్లన్న దగ్గర ఇడిసివస్త," అన్నాడు నాన్న. ఆ అన్నకే తిండికి లేదు. ఏటా పిల్లలతో వలస పోయే సంసారం. అది అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమంతా పెద్దమ్మ గోడ వైపు తిరిగి కూచుంది. తెల్లవారాక నాన్నతో, "మాపటిదాక ఆగు. ఆనక నువ్వెటు పంపితే అటు పోత," అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంలోనే ఆగింది.

"ఆ పేల్చే కాడికి పోవాల. ఒక్కదాన్నే పోవాలంటే కాళ్లు వస్తలేవు. నా ఎంబడి వస్తవా బిడ్డా?"

నాకు భయం వేసింది. అయినా నన్ను అలా బతిమాలుతూ అడిగిన పెద్దవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. తల ఊపాను. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి నా చెయ్యి తన చేతిలోనే పెట్టుకుని తానూ మాతో నడిచింది.

గట్టు మీద ఎర్రజెండా పట్టుకున్న కన్నడ ముసలాయన, ముందుకు పోవద్దని, "హోగబేడమ్మ," అంటూ అడ్డం నిలిచాడు. పెద్దమ్మ అక్కడే కూలబడి, రెండు చేతులూ తొడల కింద అదిమి పెట్టుకుంది.

పేలింది. నేల అదిరింది. బండముక్కలు పైకి లేచి రాలాయి. పెద్దమ్మ చేతులు బయటికి వచ్చాయి. అమ్మ నన్ను వెనక్కి లాగింది. కానీ ఆమె మా వైపు తిరగలేదు. గట్టు మీది రాళ్లు పెకిలించి, ఒకదాని వెంట ఒకటి ఆ పొగలోకి విసరసాగింది.

"ఎవడు పొమ్మన్నడు నిన్ను? మేస్త్రి ఇంకొకన్ని పిలిస్తే నువ్వెందుకు లేచినవ్? అందరి ముంగట మొగోడనిపించుకోనీకె పోయినవా? నేను యాదికి రాలేదా నీకు?"

ఇక్కడ రాయడానికి వీల్లేని తిట్లు తిట్టింది. గోళ్లు చీలి రాళ్లకు నెత్తురు అంటింది. కూలీలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఒకడు ఆమెను ఆపబోతే మా అమ్మ అడ్డం వెళ్లి, "తిట్టనీ," అంది.

చేతులు లేవలేనంత అలసిపోయాక పెద్దమ్మ ఏడ్చింది. పెదనాన్న పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. చాలాసేపటికి నా కనుబొమ మీది కట్టును చూస్తూ మెల్లగా చెప్పింది.

"నిన్నంత నన్ను నేనే అడుక్కున్న, ఈ పిల్ల నీకేం జేసిందే అని. ఏం జేయలే. మరి ఎవని మీద నీ కోపం అంటే, చెప్పనీకె నోరు రాలే. సచ్చినోన్ని తిట్టొద్దంటరు గద. అందరు దేవుడసుంటోడు అనవట్టె. నాకు ఆయన మీద కోపమని ఎట్లనాల? ఆయనకు తగలాల్సిన దెబ్బలు నీకు తగిలినయి బిడ్డా."

నాన్న ఆమెను బస్సెక్కించలేదు, అమ్మ ఎక్కించనివ్వలేదు. ఒక్క రోజుతో పెద్దమ్మ బాగుపడిందని చెప్పను. ఆ తర్వాతా కుండలు పగిలాయి. కానీ పేలుడు వేళకు తానే లేచి గట్టు మీదికి వెళ్లి కూచునేది. కొన్ని రోజులు తిట్టి వచ్చేది, కొన్ని రోజులు ఊరికే ఆయనతో మాట్లాడి వచ్చేది. మెల్లగా ఇంట్లోనూ ఆయన మాట ఎత్తసాగింది. ఆయన గురక గురించి, కూరలో ఉప్పు తగ్గితే అలిగి పడుకోవడం గురించి చెప్పి నవ్వేది. కాలువలో నీళ్లు వదిలేనాటికి నేను మళ్లీ ఆమె ఒళ్లో నిద్రపోతున్నాను.

ఎన్నో ఏళ్ల తర్వాత, నాకూ మనవలు పుట్టాక, మా ఆయన ఛాతీ నొప్పిని నాకు చెప్పకుండా దాచి, ఒక ఉదయం కుర్చీలోనే పోయాడు. నేనూ అందరిలాగే ఏడ్చాను. తర్వాత నా గొంతు మారిపోయింది. గిన్నె చప్పుడైతే కోడలి మీద విరుచుకుపడేదాన్ని. ఒకనాడు మనవడి మీద చెయ్యి లేచింది. వాడు బెదిరి కళ్లు మూసుకున్నాడు. వీడు నాకేం చేశాడని నన్ను నేను అడిగాను. ఆ పూట మా ఆయన ఫొటో ముందు కూచుని, నాకెందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. తిట్టాను. కోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తలుపు వేసుకోవాలని నాకు అనిపించలేదు. పోయినవాళ్ల మీద కోపం ఉండవచ్చని నాకు చెప్పిన మనిషి మా పెద్దమ్మ ఒక్కతే.